నవాగామ్ బడిలో నేను కాచిన టీ

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. ఆ మేరకు అదృష్టవంతుణ్ణే. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఒక బడి ఆవరణ నిండా సాక్షులున్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ నన్ను చూడగానే నవ్వు దాచుకోవడానికి నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు. వాళ్లు చెబితే మీరు నమ్మరు, నేను చెబితే నన్ను క్షమించరు. అయినా చెప్పేస్తాను. ఇంత పెద్ద ఘోరాన్ని ఒక్కణ్ణే మోసుకు తిరగడం నావల్ల కావడం లేదు.

కరోనా రెండోసారి వచ్చి కాస్త తగ్గుముఖం పట్టిన రోజులవి. నాకు ఇరవై ఏళ్లు. మాది సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ వచ్చి, అమ్రోలిలో స్థిరపడిన కుటుంబం. బాపు, అంటే మా నాన్న, పవర్‌లూమ్ కారఖానాలో పని చేసేవాడు. నేను జర్నలిజం చదివేవాణ్ణి. చదవడమంటే, మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో పాఠాలు వినడం.

సూరత్‌లో వేర్వేరు కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలం కొందరం కలిసి 'కొత్త పోగు' అని ఒక విద్యార్థి పత్రిక నడిపేవాళ్లం. లాక్‌డౌన్‌లో ప్రెస్సు మూతపడగానే అది రెండు పాయలైంది. ఒకటి ఆన్‌లైన్ పత్రిక. వెబ్‌సైటులో పెట్టడం, అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపుల్లోకి తోయడం. దానికి సంపాదకుణ్ణి నేను. రెండోది అచ్చు పత్రిక. అచ్చు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా వార్తలు, మన తెలుగు మగ్గాలవాళ్లు ఎక్కువగా ఉండే నవాగామ్ పేటలోని జిరాక్స్ షాపులో తీసిన కాపీలు. దానికి సంపాదకురాలు సుజాత.

సుజాత నా క్లాస్‌మేటు. వాళ్ల ఇల్లు నవాగామ్‌లోనే. వాళ్ల నాన్న మల్లేశ్ కాక హజీరాలో ఒక కంపెనీలో పని చేసేవాడు. తెల్లారి కంపెనీ బస్సెక్కేటప్పుడు ఆయన సంచిలో టిఫిను డబ్బాతో పాటు పాతిక 'కొత్త పోగు' కాగితాలు ఉండేవి. అవి సీటు సీటుకీ చేతులు మారుతూ హజీరా చేరేసరికి మడతల దగ్గర చిరిగిపోయేవి. చిరిగినవాటిని జాగ్రత్తగా టేపుతో అతికించి మళ్లీ చదివేవారట. ఈ సంగతి నాకు చెబితే నేనేమన్నానో తెలుసా?

"మ్యూజియంలో పెట్టే వస్తువుకు టేపు ఎందుకు సుజాతా, అద్దాల బీరువా చేయించు."

అప్పట్లో నేను అలా మాట్లాడేవాణ్ణి. నాలుగు గ్రూపుల్లో అడ్మిన్ అయ్యేసరికి నా మెడ చీరల షాపులో బొమ్మ మెడలా బిగుసుకుపోయింది.

మా మధ్య ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. చూసి చూసి విసిగిన మా జర్నలిజం మేడమ్ ఒకరోజు ఆన్‌లైన్ క్లాసులోనే తీర్పు చెప్పింది. "మీ ఇద్దరూ ఒకే వార్తను మీ మీ పత్రికల్లో ఎవరి పద్ధతిలో వాళ్లు రాయండి. ఏది జనానికి ఎలా చేరిందో చూసి, పోల్చి, సెమినార్‌లో చెప్పండి."

వార్త కూడా సిద్ధంగానే ఉంది. నవాగామ్ బడిలో ఆదివారం టీకా శిబిరం. అది ఊరికే వచ్చింది కాదు. సుజాత గుజరాతీలో అర్జీలు రాసి, వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్నది. ఆ ముందు ఆదివారం అదే బడిలో శిబిరం పెడితే వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సూది వేసుకుంటే నెలరోజులు మగ్గం ముందు నిలబడలేరని ఎవరో పుకారు పుట్టించారు. రోజు కూలి మీద బతికేవాళ్లు భయపడరా మరి? శిబిరం చూసుకునే నర్సు దక్షాబెన్ వెళ్తూ వెళ్తూ సుజాతతో, ఈ వారం కూడా బడి ఖాళీగా ఉంటే మందు పెట్టెలు వేరే పేటకు తీసుకుపోతామని చెప్పేసింది.

కాబట్టి సుజాతకు ఆ వార్త పరీక్ష మార్కుల విషయం కాదు. నాకు మాత్రం పూర్తిగా మార్కుల విషయమే.

శనివారం మధ్యాహ్నం బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి కారఖానాకు వెళ్లాను. దారిలో సుజాత ఫోన్ చేసింది.

"నాది అయిపోయింది నరేష్. జిరాక్స్ షాపుకు పోతున్న. నీది పెట్టినవా?"

"పొద్దుటి నుంచీ రాస్తున్నావు కదా, ఇప్పుడా అయ్యేది?"

"అమ్మకు సదివి వినిపించిన. టీకా అంటే సమజ్ గాలే ఆమెకు. మార్చి రాసిన. మళ్ల వినిపించిన."

వాళ్లమ్మకు చదువు రాదు. అచ్చుకు వెళ్లే ప్రతి వాక్యాన్నీ సుజాత ముందు ఆమెకు చదివి వినిపించేది. వంట చేస్తూ ఆమె తల ఊపితే వాక్యం ఉండేది. గరిటె ఆగితే వాక్యం మారేది. ఇంత గొప్ప సంపాదక వర్గం ఏ పత్రికకు ఉంటుంది చెప్పండి? ఇప్పుడంటున్నాను గాని, ఆ రోజు పగలబడి నవ్వాను.

"నువ్వు చదివి వినిపించేలోగా నేను పదిసార్లు ప్రచురిస్తాను చూడు" అని ఫోన్ పెట్టేసి, కారఖానా చేరగానే మగ్గాల మధ్యే నిలబడి పని మొదలుపెట్టాను. టైపు చేసే ఓపిక ఎవడికుంది? ఫోన్లో మైకు గుర్తు నొక్కాను. చుట్టూ మగ్గాలు టకటకటకమని చెవులు హోరెత్తిస్తున్నాయి. వాటికి పైన వినపడేలా అరిచాను.

"నవాగామ్ బడిలో ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు పెద్దలందరికీ టీకా! ఫీజు ఏమీ లేదు! ఆధార్ కార్డు తీసుకుని రండి!"

అన్నం కలుపుకుంటున్న బాపు తలెత్తి చూశాడు. "ఎవలిమీదికి ఒర్లుతున్నవ్‌రా?"

"వార్త రాస్తున్నా బాపూ."

"రాసుడంటే గిట్లనా? పంపేముందు ఒకసారి సదువుకో జర."

"ఆన్‌లైన్ అంటేనే స్పీడు బాపూ."

"మా మగ్గం గూడ స్పీడే బిడ్డా. పోగు తెగితే టక్కున ఆగుతది. నీ ఫోన్ ఆగుతదా?"

సమాధానంగా నేను బటన్ నొక్కాను. వార్త వెళ్లిపోయింది. వెబ్‌సైటుకు, నాలుగు గ్రూపులకు, ఒక్క క్షణంలో. గర్వంతో బాపు డబ్బాలోని వేయించిన మిరపకాయ కూడా తినేశాను.

ఆ సాయంత్రం నుంచి ఫోన్ మోత ఆగలేదు. బొటనవేళ్లు, దండాలు, ఎర్ర గుండెలు. ఏ వార్తకూ రానంత స్పందన. నా వచనంలో ఉన్న శక్తి ఇన్నాళ్లకు జనానికి అర్థమైందని మురిసిపోయాను. ప్రశ్నలు కూడా వచ్చాయి. వాటికి నిపుణుడిలా జవాబులిచ్చాను. చదవండి, మీరే మెచ్చుకుంటారు.

"నాకు షుగర్ ఉన్నది తమ్మీ, నాకిస్తరా?"

"నిశ్చింతగా తీసుకోండి అన్నా."

"పిలగాండ్లను తీస్కరావచ్చునా?"

"పిల్లలకు ఇంకా మొదలుపెట్టలేదు. పెద్దలకే."

"రెండోసారి అడిగితె ఇస్తరా?"

"తప్పకుండా ఇస్తారు. కానీ మధ్యలో కొన్ని వారాలు ఆగాలి."

"వేడిగ ఉంటదా?"

"ఒకటి రెండు రోజులు ఒళ్లు కొంచెం వేడిగా ఉంటుంది. భయపడొద్దు."

దీనికి ఆ పెద్దమనిషి ఒక దండం గుర్తు పంపాడు.

ఆదివారం పొద్దున్నే నేను నవాగామ్ బడి గేటు దగ్గర నిలబడ్డాను. మెడలో నేనే తయారుచేసుకున్న 'సంపాదకుడు' అనే కార్డు, చేతిలో నోటు పుస్తకం. పేజీ మధ్యలో గీత గీసి, ఒక పక్క 'అచ్చు' అనీ, ఇంకో పక్క 'ఆన్‌లైన్' అనీ రాసుకున్నాను. వచ్చేవాళ్లను ఎక్కడ చూసి వచ్చారో అడిగి గీతలు పెట్టాలి.

తొమ్మిది కాకముందే వరస గేటు దాటి రోడ్డెక్కింది. నా ఛాతీ చొక్కా గుండీలు తెగేంత ఉబ్బింది. చాలామంది చేతుల్లో స్టీలు గ్లాసులున్నాయి. కొందరు కప్పులు తెచ్చారు. ఒకాయన ఏకంగా మూత ఉన్న ఫ్లాస్కు తెచ్చాడు. నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని నీళ్లు తాగుతారన్నమాట, ఎంత శుభ్రత, ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకున్నాను. గ్లాసులవాళ్లందర్నీ అడిగాను. అందరూ ఒకటే మాట.

"ఫోన్ల చూసినం."

గీత మీద గీత పెట్టాను. గ్లాసుల్లేకుండా ఆధార్ కార్డు పట్టుకొచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లంతా సుజాత కాగితం చూసి వచ్చినవాళ్లు. నోటు పుస్తకం తీసుకెళ్లి సుజాత ముఖం ముందు ఊపాను.

"చూశావా? నీ కాగితం వాళ్లు గుప్పెడు. నా ఆన్‌లైన్ వాళ్లు రోడ్డు దాటారు."

ఆమె సంతోషంగానే చూసింది. శిబిరం నిండితే చాలు ఆమెకు. కానీ చూస్తూ చూస్తూ కళ్లు చిన్నవి చేసింది. "గ్లాసులు ఎందుకు తెచ్చిన్రు నరేష్?"

నేను శుభ్రత గురించి ఉపన్యాసం మొదలుపెట్టేలోగా, వరసలో ముందున్న ముసలామె లచ్చవ్వ నా చొక్కా పట్టుకుని లాగింది.

"బిడ్డా, చాయ్ యాడ పోస్తున్రు? నాకు చక్కెర జర తక్కువెయ్యమను."

"చాయ్ ఏంటి అవ్వా?"

"ఫోన్ల నువ్వే రాస్తివి గదా!"

ఆమె వెనకాల ఉన్న పోశన్న మామ, మగ్గాల వాళ్లలో పెద్దమనిషి, తన ఫోన్ తీసి నా కళ్ల ముందు పెట్టాడు. నా వార్తే. నా పేరుతో సహా. నేను మొదటిసారిగా దాన్ని చదివాను.

'నవాగామ్ బడిలో ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు పెద్దలందరికీ టీ, కాఫీ. జూ ఏమీ లేదు. ఆదరంగా తీసుకుందాం రండి.'

దయచేసి మీరూ ఒకసారి పైకి చదవండి. "టీకా, ఫీజు" అని తొందరగా అనండి. మగ్గాల మోతలో నా ఫోన్ దాన్ని ఎలా విందో తెలుస్తుంది. టీకాను, ఫీజును కలిపేసి, టీ, కాఫీ వడ్డించి, మిగిలిపోయిన 'జు'ను ఏం చేయాలో తోచక జంతు ప్రదర్శనశాల కట్టింది. ఆధార్ కార్డును ఆదరంగా మార్చింది. కింద ఎవరో పుణ్యాత్ముడు "కరోనా కదా, ఎవరి గ్లాసు వారు తెచ్చుకోవాలి. బిస్కెట్లు కూడా ఉన్నవి" అని చేర్చి ఊరంతా పంపాడు.

పోశన్న మామ గంభీరంగా అన్నాడు. "జూ లేదని ముందే రాసిన్రు, అది మంచిగుంది. ఉత్తగ ఆశ పెట్టలే."

గబగబా ఫోన్ తీశాను. అర నిమిషంలో వెబ్‌సైటులో వార్త మార్చేశాను. సుజాత వైపు తిరిగి, ఆ పరిస్థితిలో కూడా, నమ్మండి, ఆ పరిస్థితిలో కూడా గర్వంగానే అన్నాను. "దిద్దేశాను! ఆన్‌లైన్‌లో ఉన్న సుఖమే ఇది."

సుజాత నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఫోన్ల దిద్దినవ్. ఈళ్ల చేతులల్ల ఉన్న గ్లాసులెట్ల దిద్దుతవ్?"

అప్పటికే వరసలో గొణుగుడు మొదలైంది. ఆవరణలో వేసిన టెంటు కింద వాళ్లకు సిరంజీలు కనిపించాయి. లోపలినుంచి దక్షాబెన్ వచ్చి ఆశ్చర్యంగా, "ఆ బధా కప్ లయీనే కేమ్ ఆవ్యా?" అంది. ఇంతమంది కప్పులు పట్టుకుని ఎందుకొచ్చారని ఆమె సందేహం. పోశన్న మామ గొంతు పెరిగింది.

"అంటే, సూదంటే రారని చాయ్ పేరు చెప్పి గుంజుకొచ్చిన్రా? మోసమా గిది?"

నలుగురు గేటు వైపు తిరిగారు. వాళ్ల వెనక ఇంకో పదిమంది. వాళ్లు వెళ్లిపోతే శిబిరం పోవడం ఒక్కటే కాదు, 'కొత్త పోగు' పేరు చెబితే నవాగామ్‌లో ఇక ఎవరూ నమ్మరు. నేను చేసిన పని ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నోరు ఎండిపోయింది. నిజానికి నాకే అర్జంటుగా ఒక టీ కావాల్సి వచ్చింది.

సుజాత బడి బెంచీ ఒకటి లాక్కొచ్చి దాని మీదికెక్కింది.

"మామా, అత్తా, జర ఆగుండ్రి. తప్పు మాదే. మోసం గాదు, తప్పు. రాసేటప్పుడు సదువుకోలే. కాయిదం మీద సరిగ్గనే వచ్చింది, వినుండ్రి." అని తన అచ్చు కాగితం విప్పి చదివింది. "ఆదివారం నవాగామ్ బడిల పెద్దోళ్లకు కరోనా సూది ఏస్తరు. పైసలు అడగరు. ఆధార్ కార్డు తేవాలె. ఏసుకున్నంక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, తగ్గుతది. మా నాయిన ఏసుకుండు, మూడో రోజే డ్యూటీకి పోయిండు."

నేను నోరు తెరిచి విన్నాను. నా వార్తలో మైకు తప్పులు తీసేసినా ఈ చివరి వాక్యాలు లేవు. జనం భయపడుతున్నది దేనికో ఆమె కాగితంలో ఉంది. నా దాంట్లో సమయం, స్థలం, నా పేరు మాత్రమే ఉన్నాయి.

"ఇష్టం లేనోళ్లు పోవచ్చు. గేటు తెర్చే ఉన్నది" అంది సుజాత. "కానీ చాయ్ అని రాసినం గాబట్టి చాయ్ పోస్తం. సూది ఏసుకున్నోళ్లకూ పోస్తం, ఏసుకోనోళ్లకూ పోస్తం. మా పేపర్ల వచ్చిన మాట అబద్ధం గావొద్దు."

గేటు వైపు తిరిగినవాళ్లు ఆగారు. లచ్చవ్వ అక్కణ్ణుంచే అరిచింది. "కాఫీ గూడ రాసిన్రు!"

"కాఫీ గూడ" అంది సుజాత. తర్వాత బెంచీ దిగి, నా చెవి దగ్గర మెల్లగా అంది. "నడువు. పొయ్యి ముట్టియ్యి."

బడి వంటగదిలో పెద్ద గిన్నె ఉంది. సుజాత వాళ్లమ్మ పాలు, చక్కెర, టీపొడి, కాఫీపొడి పంపింది. నేను అంతవరకూ పొయ్యి దగ్గరికి ఫోన్ చార్జర్ వెతుక్కోవడానికి తప్ప వెళ్లినవాణ్ణి కాదు. మొదటి గిన్నె పాలు నేను జాగ్రత్తగా చూస్తుండగానే పొంగి పొయ్యి ఆర్పేశాయి. రెండో గిన్నెలో టీపొడి, కాఫీపొడి రెండూ పడ్డాయి, ఎందుకంటే రెండు డబ్బాలూ ఒకేలా ఉన్నాయి. దాని రంగు అద్దకం కారఖానా కాలువలా తేలింది. మూడోసారి మొదలుపెట్టాను. బయట జనం ఎదురుచూస్తున్నారు. అరగంట గడిచింది. టీ రాలేదు.

ఈలోగా కాగితం చూసి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే సూది వేయించుకుని, బయట చెట్టు నీడన అరగంట కూర్చుంటున్నారు. గ్లాసులవాళ్లు వాళ్ల ముఖాల్లోకి తేరిపార చూస్తున్నారు. ఎవరూ పడిపోలేదు. ఒకాయన బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఇంకొకామె పక్కింటావిడ మీద చాడీలు చెబుతోంది. అంతా మామూలుగానే ఉంది.

చివరికి లచ్చవ్వ ఓపిక నశించి లేచింది. "ఆ పిలగాడు చాయ్ కాసేటట్టు లేడు. ఊకె కూసునుడెందుకు, అందాక ఆ సూదేదో ఏపిచ్చుకుంట."

వేయించుకుంది. చెయ్యి దులుపుకుంటూ బయటికొచ్చి, "చీమ కుట్టినట్టున్నది, గంతే" అని ప్రకటించింది. ఆ మాటతో ఇద్దరు లేచారు. తర్వాత ఐదుగురు. ఇళ్లకు పిల్లల్ని ఉరికించి ఆధార్ కార్డులు తెప్పించుకున్నారు. అందరికన్నా చివర పోశన్న మామ వెళ్లాడు. కళ్లు గట్టిగా మూసుకుని, మీసం ఒణుకుతుండగా, ఒక చేతిలో గ్లాసు వదలకుండానే రెండో చేతికి సూది వేయించుకున్నాడు.

నా టీ తయారయ్యేసరికి వరస మొత్తం అయిపోయింది, కాఫీ సంగతి లచ్చవ్వ కూడా మరిచిపోయింది. సూది వేసుకోకుండా టీ తాగి వెళ్లినవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. సుజాత వాళ్లకు అందరికన్నా ముందు పోసింది. పోశన్న మామ నా టీ ఒక గుటక తాగి, చాలాసేపు మింగకుండా ఆలోచించాడు.

"సూదే నయముండె" అన్నాడు.

మరుసటి వారం ఆన్‌లైన్ సెమినార్‌లో సుజాత మా పోలిక చదివింది. నన్ను కాపాడి మాట్లాడుతుందేమోనని ఆశపడ్డాను. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. అచ్చు చూసినవాళ్లు టీకా కోసం వచ్చారు, ఆన్‌లైన్ చూసినవాళ్లు టీ కోసం వచ్చి టీకా వేయించుకున్నారు, ఫోన్ వార్త అంత దూరం పోకపోతే అంతమంది వచ్చేవారే కాదు, కాగితం మీద ఆ చివరి వాక్యాలు లేకపోతే వచ్చినవాళ్లు నిలబడేవారే కాదు అంది. నా వైపున్న మంచిని కూడా వదలకుండా చెప్పిన ఆ నిజాయితీ ముందు నా నాలుగు గ్రూపుల పెత్తనం ఎంత? మేడమ్ నవ్వు ఆపుకోలేక కెమెరా కట్టేసింది. ఆ రోజు నుంచి నా ప్రతి వార్తనూ ప్రచురణకు ముందు నవాగామ్‌లోని ఒక వంటింట్లో పైకి చదివి వినిపించాను. గరిటె చాలాసార్లు ఆగింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం దక్షాబెన్ ఫోన్ చేసింది. నేను క్షమాపణలు మొదలుపెట్టబోతే ఆపేసి, హిందీలో ఎంతో మర్యాదగా అడిగింది. "భయ్యా, వచ్చే ఆదివారం డిండోలీలో శిబిరం ఉంది. జనం రావడం లేదు. మీ ఆన్‌లైన్‌లో ఆ తప్పే ఇంకోసారి రాయగలరా? టీ మాత్రం వేరేవాళ్లు కాస్తారు."

రాయలేనని చెప్పాను. అప్పుడే నా పాత నోటు పుస్తకం మీద చేయి వేసి, బాపు ఎదుట నిలబడి, అతి గంభీరంగా ప్రమాణం కూడా చేశాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, నడుస్తున్న మగ్గం పక్కన నిలబడి ఫోనుతో మాట్లాడను. నా వాక్యాన్ని నేను చదవకుండా లోకం మీదికి వదలను. కాగితాన్ని చిన్నచూపు చూడను. మరీ ముఖ్యంగా, ఆకలి దప్పులతో ఉన్న ఏ మానవుడికీ నా చేత్తో టీ కాచి పోయను.